ఇల్లు చూసి ఏసీని చూడు

మా మేనమామ వాళ్లది కోనసీమలో పాతకాలపు మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, పైన బంగాళా పెంకులు. మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి కొడుకు వచ్చి, ఎండలకు నాన్న తట్టుకోలేకపోతున్నాడని హాల్లో టన్నున్నర ఏసీ పెట్టించి వెళ్లాడు. ఆ మే నెలలో నేను వెళ్లేసరికి మామయ్య హాలు వదిలేసి వసారాలో పడక్కుర్చీ వేసుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. గోడ అవతల, ఏసీ నుంచి దిగిన సన్న గొట్టం కింద ఒక బకెట్. సాయంత్రం ఐదింటికి పెట్టిన బకెట్ పది కొట్టకముందే నిండిపోయింది.

"ఏరా, ఇది గది చల్లబరిచే మిషనా, నీళ్లు తోడే మోటారా?" అన్నాడు. అత్తయ్య మాత్రం ఆ నీళ్లు తీసుకెళ్లి మల్లెపాదుకు పోస్తోంది.

వేళాకోళానికి అన్నాడు గానీ ఆ మాటలో శాస్త్రం ఉంది. ఏసీ పుట్టిందే నీళ్లు తోడడానికి. 1902లో అమెరికాలో, బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సులో రంగుల బొమ్మలు అచ్చు వేస్తుంటే, వేసవి చెమ్మకు కాగితం సాగేది, ఆరితే ముడుచుకునేది. ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. ఆ చిక్కు తీర్చమని విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరుకు అప్పగించారు. చల్లటి గొట్టాల మీదుగా గాలిని నడిపించి, అందులోని తేమను నీళ్లుగా రాల్చే ఏర్పాటు చేశాడాయన. మనిషికి చల్లగా ఉండాలన్నది ఆనాటి లెక్కలో లేనే లేదు. కాగితం పొడిగా ఉంటే చాలు.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే ఏసీ లోపలి కాయిల్‌కూ చెమట పడుతుంది. ఆ చెమటే గొట్టంలోంచి బయటికొచ్చే నీళ్లు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలోని వేడిని వదిలేస్తుంది. ఆ వేడిని మోసుకెళ్లి బయట పారబోయాల్సింది ఏసీయే. కరెంటు బిల్లులో చూసే యూనిట్లతోనే వేడినీ కొలవొచ్చు. ఆవిరిని ఒక లీటరు నీరుగా మార్చాలంటే సుమారు 0.68 యూనిట్ల వేడి తీసేయాలి. గది ఒక్క డిగ్రీ తగ్గకపోయినా సరే, ఈ పని జరగాల్సిందే.

ఇప్పుడు మామయ్య హాలు లెక్క చూద్దాం. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. ఎత్తు దూలం దగ్గర ఒకలా, చూరు దగ్గర ఒకలా ఉంటుంది, సగటున పద్నాలుగు అడుగులు అనుకుందాం. మొత్తం 120 ఘనపు మీటర్ల గాలి. పెంకుల సందులు, తలుపు రెక్కల మధ్య వేలు దూరే ఖాళీలు, గోడకూ వాసాలకూ మధ్య పిచ్చుకలు దూరే కంతలు. ఇలాంటి చోట గంటకు ఐదుసార్లు గాలి మొత్తం మారిపోవడం పెద్ద విశేషమేమీ కాదు. కోస్తాలో ఉక్కపోత రోజున బయటి గాలి ఒక్కో ఘనపు మీటరుకు, చల్లటి గదిలో ఉండాల్సిన దానికన్నా, దాదాపు పన్నెండు గ్రాముల ఆవిరి ఎక్కువ మోసుకొస్తుంది. గంటకు ఏడు లీటర్ల పైమాటే. దాన్నంతా నీరు చేయడానికే అయిదు యూనిట్లకు దగ్గరగా వేడి తీయాలి. టన్నున్నర ఏసీ తన శక్తినంతా ధారపోసినా గంటకు తీయగలిగేది 5.3 యూనిట్లు. ఇక ఎండను చల్లార్చేదెప్పుడు, పెంకుల వేడిని లాగేదెప్పుడు? కాబట్టి అది ఓడిపోయి, చేతనైనంత నీళ్లు తోడి, గదిని అరకొరగా వదిలేసింది. మిషనులో లోపం లేదు. ఊరి మధ్యలో తలుపులేని ఫ్రిజ్ పెట్టినట్టయింది, అంతే.

మండువా ఇల్లు గాలి పీల్చి వదలడానికి కట్టిన ఇల్లు. పెంకు పలచన. మధ్యాహ్నం కాగిపోతుంది, పొద్దుగూకగానే చల్లారిపోతుంది. వేడెక్కిన గాలి పైకి లేచి పెంకుల సందుల్లోంచి పోతుంది, మండువాలోంచి చల్లగాలి దిగుతుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన పెంకు ఇది. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుని వాన నీటిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు. ఆపకపోవడమే దాని గొప్ప. ఏసీకి కావాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: మూత బిగించిన డబ్బా. ఈ రెంటికీ ముడి పెడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

అలాగని శ్లాబు ఇంట్లో ఏసీకి తిరుగులేదా అంటే, అది ఇంకో కథ. అది మా ఇంటి కథే.

హైదరాబాదులో మేముండేది అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో అయిదో అంతస్తు. ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడు చెప్పులు విప్పకుండానే అడిగిన మొదటి ప్రశ్న: "టాప్ ఫ్లోరా సార్? అయితే పన్నెండు బై పదికి టన్ను సరిపోదు." ఏ స్టారు కొన్నాను, ఎంతకు కొన్నాను అని అడగలేదు. అతను అంచనా వేస్తున్నది నన్ను కాదు, నా నెత్తి మీది శ్లాబును. ఆ రోజు, పెద్ద ఏసీ అంటగట్టడానికి చెప్తున్నాడనుకున్నాను. తరవాత లెక్క వేసి చూసుకుంటే అతని మాటే నిజం.

పన్నెండు బై పది గది, పదడుగుల ఎత్తు. అందులో గాలి బరువు ఎంతనుకుంటున్నారు? సుమారు నలభై కిలోలు. ఆ గాలిని 38 డిగ్రీల నుంచి 25కు దించడానికి తీయాల్సిన వేడి 0.15 యూనిట్లు కూడా లేదు. టన్నున్నర ఏసీకి అది రెండు నిమిషాల పని. మరి రెండు నిమిషాల్లో గది ఎందుకు చల్లబడదు? ఆ గది మీద అయిదంగుళాల శ్లాబు ఉంది. దాని బరువు సుమారు మూడు టన్నుల మూడు వందల కిలోలు. చుట్టూ గోడలు ఇంకో పది టన్నుల పైచిలుకు. నలభై కిలోల గాలి కోసమని ఏసీ కొంటాం. అది రాత్రంతా కుస్తీ పట్టేది టన్నుల కొద్దీ కాంక్రీటుతో, ఇటుకతో.

కాంక్రీటు గుణం ఏమిటంటే, మెల్లగా తాగుతుంది, మెల్లగా కక్కుతుంది. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య మేడ మీద కాలు పెట్టలేని వేడి శ్లాబు అడుక్కి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మనం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఏసీ వేసే వేళకి శ్లాబు నిండు కుండలా ఉంటుంది. పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన ఆ ఒక్క గది శ్లాబులో దాదాపు ఎనిమిది యూనిట్ల వేడి నిలవ ఉంటుంది. సగం పైన ఆకాశానికి పోయినా, మిగతా సగం మన మంచం మీదికే దిగుతుంది.

కోవిడ్ రోజుల్లో కొన్న టెంపరేచర్ గన్ ఇంట్లో ఊరికే పడి ఉంది. నుదుటికి గురిపెట్టేదాన్ని, వస్తువుల వేడి చూసే మోడ్‌లోకి మార్చి, ఒక మే నెల రాత్రి తొమ్మిదింటికి పైకప్పుకు గురిపెట్టాను. 39 దాటి చూపించింది. మనిషికైతే జ్వరం అని పారాసెటమాల్ వేస్తాం. అప్పటికి గంట నుంచి ఏసీ తిరుగుతోంది, రిమోట్ మీద 24 అని వెలుగుతోంది. గాలి 24కు దగ్గరగా వచ్చి ఉండొచ్చు కూడా. కానీ ఒంటికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న గోడలు, పైకప్పు మన మీదికి ప్రసరించే వేడి కూడా దాదాపు అంతే లెక్కలోకి వస్తుంది. పొయ్యి పక్కన కూర్చుంటే గాలి వీస్తున్నా చెంప కాలినట్టు ఉంటుంది చూడండి, అదే. అందుకే పై అంతస్తు వాళ్లు 18కి దించి కూడా "ఈ ఏసీ పనిచేయట్లేదు, గ్యాస్ అయిపోయిందేమో" అని మెకానిక్కును పిలుస్తారు. గ్యాస్ అయిపోవడం అనేది కారులో పెట్రోలు అయిపోయినట్టు జరిగేది కాదు. గొట్టంలో ఎక్కడో కారితే తప్ప అందులో పోసింది పోసినట్టే ఉంటుంది. చాలాసార్లు కారేది శ్లాబులోంచి వేడి.

ఏసీ మీద రాసే టన్ను కూడా ఒకసారి చెప్పుకోవాలి. అది మిషను బరువు కాదు. రెండు వేల పౌన్ల మంచుగడ్డ ఇరవైనాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడి మింగుతుందో, అంత వేగంతో వేడి తీసే శక్తి ఒక టన్ను. ఫ్రిజ్‌లు రాకముందు మంచు దిమ్మెలు అమ్మిన కాలపు కొలత ఇంకా మన డబ్బాల మీద బతికి ఉంది. అయితే ఆ టన్నును బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచి రాస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 దాటిన రోజున అదే ఏసీ అంత పని చేయలేదు. అవసరం పెరిగిన రోజునే దాని సత్తువ తగ్గుతుంది. మా పై అంతస్తు గదికి మధ్యాహ్నం శ్లాబు లోంచే దిగే వేడి, నా లెక్క ప్రకారం, 1.3 కిలోవాట్ల వరకూ ఉంటుంది. అంటే టన్నులో మూడోవంతు పైన. సరిగ్గా అదే గది, కింది అంతస్తులో ఉంటే ఈ ఖర్చు లేదు. పైవాళ్లు ఏసీ వేసుకుంటే వాళ్ల నేల చల్లబడి మన పైకప్పూ చల్లబడుతుంది. వాళ్ల బిల్లు, మన సుఖం. మధ్య అంతస్తులో ఇల్లు దొరకడం ఏసీ పరంగా చూస్తే పూర్వజన్మ సుకృతమే.

మరి పై అంతస్తు వాళ్ల గతి? ఇంకో అర టన్ను పెద్ద ఏసీ కొనడం ఒక దారి. శ్లాబు తాగే వేడిని పైనే తగ్గించడం ఇంకో దారి. మామూలు బూడిదరంగు శ్లాబు తన మీద పడ్డ ఎండలో మూడో వంతును కూడా వెనక్కి పంపదు. తెల్లగా, శుభ్రంగా ఉన్న పూత నూటికి ఎనభై పాళ్ల వరకూ తిప్పికొడుతుంది. మన తాతలు వేసవి ముందు మేడకు సున్నం కొట్టించింది ఇందుకే. పగిలిన పింగాణీ ముక్కలు పరిచి సిమెంటు పూసిన పాత డాబాలు ఇప్పటికీ కనిపిస్తాయి, అవీ ఇందుకే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి అంది. చిన్న ఇళ్లవాళ్ల ఇష్టానికి వదిలేసింది. నిజానికి ఎక్కువ అవసరం ఆ చిన్న ఇళ్లకే.

మా అపార్ట్‌మెంటులో మేడ అందరిదీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. మీటింగులో తెల్లపూత మాట ఎత్తితే, "లాభం పై అంతస్తు వాళ్లకు, డబ్బు అందరిదీనా?" అన్నారు రెండో అంతస్తు పెద్దాయన. న్యాయమే. చివరికి పై అంతస్తు నాలుగు కుటుంబాలం చందా వేసుకుని పూయించాం. పూత వేసిన వారం సాయంత్రం అదే గన్నుతో చూస్తే పైకప్పు 34 దగ్గర ఆగింది. ఎండలు రెండు వారాలూ ఒక్కలా లేవు కాబట్టి ఇది పరిశోధన కాదు, ముచ్చట మాత్రమే. కానీ ఆ ఏడాది రాత్రి రెండింటికి కంప్రెసర్ ఆగే చప్పుడు మొదటిసారి విన్నాను. అంతకుముందు తెల్లవార్లూ మోగుతూనే ఉండేది. ఒక చిక్కుంది: దుమ్ము పడితే తెల్లదనం పోతుంది, పనితనం కూడా పోతుంది. ఏటా ఒకసారి కడగాలి. చందా వేసుకున్నవాళ్లలో చీపురు పట్టుకునేది ఎవరనేది ఇంకా తేలలేదు.

పై అంతస్తు కన్నా ఘోరమైనది దాని మీద ఉంటుంది. హైదరాబాదులో బ్యాచిలర్లకు అద్దెకిచ్చే మేడ మీది ఒంటిగది. టులెట్ బోర్డు మీద పేరు పెంట్‌హౌస్, లోపల పొయ్యి. నాలుగు గోడలూ, పైకప్పూ అయిదు వైపుల నుంచీ ఎండ తాగుతాయి. కొన్నిటికి పైన సిమెంటు రేకులే.

రేకుల ఇంటికి ఏసీ గురించి అడిగేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాయిదాల మీద ఏసీ దొరుకుతోంది, ఇల్లు దొరకట్లేదు. శ్లాబు నిలవ ఉంచుకునే రకం, రేకు అప్పటికప్పుడు దింపేసే రకం. అర అంగుళం మందం కూడా లేని రేకు, ఎండ పడ్డ అరగంటలో అడుగు వైపు కూడా కాలుతుంది. పన్నెండు బై పది గదికి మధ్యాహ్నం రేకు ఒక్కదాని నుంచే రెండు కిలోవాట్లకు పైగా వేడి దిగుతుంది. అర టన్నుకు పైగా దానికే సరి. పైగా రేకు మడతల కింద, గోడ మీద ఖాళీలు. అదే రేకు రాత్రి ఎనిమిదయ్యేసరికి చల్లబడుతుంది, శ్లాబులా తెల్లారిందాకా పగ పట్టదు. కాబట్టి రేకుల ఇంట్లో రాత్రి మాత్రమే వేసుకునేవాళ్లకు ఏసీ మరీ అంత దండగ కాదు. పగలు వేస్తేనే డబ్బులు కాలిపోతాయి. ముందు చేయాల్సింది రేకు కింద ఒక సీలింగు, ఆ రెంటి మధ్య జానెడు గాలి, అంచుల్లో కంతలు పూడ్చడం. సీలింగుకు చవకగా దొరికే థర్మోకోల్ వేడిని బాగా ఆపుతుంది గానీ నిప్పు అంటుకుంటే అంతే సంగతులు, వైర్ల పక్కన దాన్ని పెట్టకూడదు. జిప్సం బోర్డు నయం. అదీ కుదరకపోతే మన పల్లెల్లో చేసేదే: రేకు మీద కొబ్బరి మట్టలో తాటాకులో పరవడం, సొరపాదు ఎక్కించడం. ఎండ ఆకు మీద ఆగిపోతుంది, రేకుదాకా రాదు. మా ఊళ్లో ఒక టైలరు దుకాణం రేకుల మీద సొరపాదు ఎక్కించాడు. వేసవంతా కాయలూ కోసుకున్నాడు, ఫ్యానుతోనే కుట్టుకున్నాడు.

కొత్త టవర్లలో సమస్య పైకప్పు కాదు, పక్కవాటం. ఇటుక గోడల బదులు అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడలు లేపుతున్నారు. పని తొందరగా అవుతుంది, గోడ నున్నగా వస్తుంది. కానీ కాంక్రీటు ఇటుకకు రెట్టింపు వేగంతో వేడిని దాటనిస్తుంది. తేలిక ఇటుకలని తెల్లటి ఏఏసీ దిమ్మెలు అమ్ముతున్నారే, వాటితో పోలిస్తే ఎనిమిది తొమ్మిది రెట్లు. దానికి తోడు పడమటి వైపు నేల నుంచి సీలింగు దాకా అద్దం. సాయంత్రం నాలుగింటికి నాలుగడుగుల చదరపు కిటికీ మీద నేరుగా ఎండ పడితే, లోపలికొచ్చే వేడి బకెట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డుకు సాటి. కర్టెన్ వేశాం కదా అంటారు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ చేసేది దాన్ని నీడగా మార్చడమే, వేడి గదిలోనే ఉండిపోతుంది. అడ్డం ఏదైనా అద్దానికి బయటే ఉండాలి. మన పాత ఆఫీసుల్లో కిటికీలకు బయట వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవారు. అది వాసన కోసమే కాదు.

టవర్లలో ఇంకో మాయ ఉంది, ఇది ఎవరికీ కనపడదు. అవుట్‌డోర్ యూనిట్లన్నీ వెనక ఇరుకు డక్టులో, ఒకదాని మీద ఒకటి బిగిస్తారు, బయటికి అందంగా కనపడాలని. మూడో అంతస్తు వదిలిన వేడి గాలి నాలుగో అంతస్తు పీలుస్తుంది, నాలుగు వదిలింది అయిదు. పై యూనిట్ల దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో 40 డిగ్రీలుంటే డక్టులో ఇంకా ఎంతో ఎక్కువ. అయిదు నక్షత్రాల ఏసీ కొని ఇలాంటి చోట బిగిస్తే, నక్షత్రాలు రెండు మూడు దారిలోనే రాలిపోతాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగది వాస్తు చూస్తాం, ఈ డక్టులోకి తొంగి చూసినవాణ్ని ఇంతవరకూ నేను చూడలేదు.

తెలుగు నేల మీద అన్ని చోట్లా ఏసీయే మందు అనుకోవడమూ పొరపాటే. కర్నూలు, అనంతపురం వైపు పాత మిద్దెలు ఉన్నాయి. బండలు, కట్టెలు పరిచి, వాటి మీద అడుగు మందాన చౌడు మట్టి వేసిన పైకప్పు, నడుమ వెలుతురుకు గవాక్షి. ఆ మట్టిలోంచి వేడి కిందికి దిగడానికి ఎనిమిది పది గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ గదిలోకి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీద చాపలు వేసుకుని పడుకునేవాళ్లు. ఇల్లు రాత్రి వేడెక్కితే ఎవరికి కావాలి! ఆ అలవాటు పోయింది, పిట్టగోడ లేని మిద్దెల మీద పిల్లల్ని పడుకోబెట్టడానికి భయమూ పెరిగింది. ఇప్పుడు రాత్రి లోపలే పడుకుంటున్నాం, ఇల్లు లెక్క తప్పింది. తప్పు మట్టిది కాదు.

అక్కడ గాలి పొడిగా ఉంటుంది. 42 డిగ్రీల ఎండలో తేమ నూటికి ఇరవై పాళ్లు ఉందనుకోండి. అలాంటి రోజున థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలికి పెడితే అది 24 దగ్గర ఆగుతుంది. కూలరు చేసేది ఇదే పని, తడి గడ్డి మీదుగా గాలి లాగడం. బాగా పనిచేసే కూలరు ఆ గాలిని 28 దాకా దించి ఇస్తుంది. తినేది రెండు ఫ్యాన్లకు కాస్త ఎక్కువ కరెంటు. అదే కూలరును మచిలీపట్నంలో 36 డిగ్రీలు, అరవై పాళ్ల తేమ ఉన్న రోజున పెడితే తడి గుడ్డే 29 దాటుతుంది. కూలరు ఇచ్చేది 31 డిగ్రీల చెమ్మగాలి, మంచం మీది దుప్పటి తడిసినట్టవుతుంది. ఎండ తక్కువ ఉన్న ఊళ్లోనే కూలరు ఓడిపోతుంది, అదీ వింత. ఇంకో సంగతి, కూలరు పెట్టినప్పుడు ఎదుటి కిటికీ తీసి ఉంచాలి, ఏసీ పెట్టినప్పుడు మూసేయాలి. ఒకే గదిలో రెండూ పెట్టి, రెండూ కలిపి వేసే ఇళ్లూ చూశాను. కూలరు ఆవిరి నింపుతుంది, ఏసీ దాన్ని నీళ్లుగా తోడుతుంది. బోరు మోటారు మళ్లీ ట్యాంకులోకి ఎక్కిస్తుంది. ముగ్గురికీ చేతినిండా పని.

మట్టిగోడకు ఏసీ బిగించడంలో చేతిపని కష్టాలూ ఉన్నాయి. లోపలి యూనిట్ పది పన్నెండు కిలోలు ఉంటుంది, మట్టిలో మేకు నిలవదు. వెనక చెక్క పలక వేసి, దానికి బిగించాలి. అన్నిటికన్నా ముందు వైరింగు. ఫ్యాన్లకూ లైట్లకూ నలభై ఏళ్ల కిందట లాగిన తీగ మీద టన్నున్నర ఏసీ వేస్తే, అది ఏడు ఎనిమిది ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. తీగ గోడలోనే వేడెక్కి తొడుగు కరుగుతుంది. పాత పెంకుటింట్లో వాసాల పక్కనుంచే తీగ పోతుంది, గుర్తుంచుకోండి. మీటరు బోర్డు నుంచి ఏసీ దాకా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగించి, దానికి వేరే ఎంసీబీ, సరైన ఎర్తింగు. ఈ ఖర్చు ఎవరూ ఏసీ ధరలో కలపరు.

మరో అపోహ తీర్చేసుకుందాం. గోడ అవతల ఒక పెట్టె ఉంది కాబట్టి బయటి గాలిని చల్లబరిచి లోపలికి పంపుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని చుక్క కూడా తేదు. గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. డబ్బాలా బిగించిన గదిలో నలుగురు పడుకుని, దోమల చక్రం కూడా వెలిగించుకుంటే, తెల్లారేసరికి తల పగిలే నొప్పి వస్తుంది. ఏసీ పడలేదంటారు. పడనిది పాత గాలి. పడుకునే ముందు పది నిమిషాలు కిటికీ తీస్తే కరెంటు కొంచెమే పోతుంది.

డాలస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలు చెప్పే మాట ఒకటి నాకు చాలా కాలం అర్థం కాలేదు. "ఇల్లంతా చెక్కే, గోడ తడితే డొల్ల శబ్దం, మన గోడలతో పోలికా? కానీ ఏసీ ఎంత చక్కగా ఉంటుందో!" డొల్ల ఉండటమే కిటుకు. రెండు పలచని పలకల మధ్య గాజుపీచు పరుపులా కూరుతారు, అటక మీద ఇంకా మందంగా. వేడి దాటలేదు, దాచుకోవడానికి బరువూ లేదు. ఏసీ వేస్తే క్షణాల్లో చల్లన, ఆపితే తొందరగానే వేడి. మన ఇల్లు ఏనుగు లాంటిది, మెల్లగా కదులుతుంది. ఏనుగును తోలడానికి అదిలింపులు వేరు. శ్లాబు ఇంట్లో ఏసీని గంట వేసి గంట ఆపితే ఆ గంటలో కాంక్రీటు మళ్లీ గదిని నింపేస్తుంది. 18లో పెట్టి ఆపడం కన్నా, 26లో పెట్టి, పైన ఫ్యాను మెల్లగా తిప్పుతూ, రాత్రంతా వదిలేస్తే నయం. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఏసీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని, స్టార్ లేబుళ్ల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ బీఈఈ అంచనా. ఫ్యాను గాలికి 26 కూడా చాలామందికి దుప్పటి కప్పుకునేంత చల్లగానే ఉంటుంది. రిమోట్ మీద అంకె చూడకుండా ఉంటే చాలు.

మామయ్య ఏసీ సంగతి అక్కడే వదిలేశాను. మరుసటి ఏడాది నేనూ, అమలాపురం నుంచి పిలిపించిన మెకానిక్కూ కలిసి లోగిలంతా తిరిగాం. హాలు పనికిరాదు. ఉత్తరం వైపు చిన్న పడకగది ఉంది, వెనకటి రోజుల్లో ధాన్యం కొట్టు. పది బై పది, దొడ్డు గోడలు, ఒకటే కిటికీ. పెంకుల కింద టేకు చెక్కల అటక ఎప్పుడో తాతగారే వేయించారు. ఎలుకలు గింజలు తినకుండా చెక్కకూ చెక్కకూ సందు లేకుండా బిగించి ఉంది. ధాన్యానికి పట్టిన ఆ శ్రద్ధ ఏసీకి అక్కరకొచ్చింది. మిగిలిన కంతలు సున్నంతో పూడ్చారు, తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టారు. ఏసీ హాల్లోంచి అందులోకి మారింది. హాలును హాలుగా వదిలేశాం, పగలు మామయ్య ఇప్పటికీ వసారాలోనే ఉంటాడు.

మొన్న మేలో ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. మామయ్య ఎలా పడుకుంటున్నాడని అడిగాను. "ఆయనకేం, గుర్రు పెడుతున్నారు. గొట్టం కింద బకెట్ తెల్లారేసరికి సగం కూడా నిండట్లేదురా. మల్లెపాదుకు మళ్లీ నూతిలో నీళ్లే తోడుతున్నాను" అంది.